ఆమెద్‌లో ఫ్రీడైవింగ్: పడవకి కాదు, మీతో నీళ్ళలో ఉండే మనిషికి డబ్బు పెట్టండి

బాలి తూర్పు తీరంలో ఆమెద్‌కి వెళ్ళేవాళ్ళకి ముందే చెబుతున్నా. ఫ్రీడైవింగ్ అంటే గాలి సిలిండర్ లేకుండా, ఊపిరి బిగబట్టి నీళ్ళ లోపలికి దిగడం. పడవ షికారుతో కలిపి ‘ఫ్రీడైవింగ్ గైడ్’ అని ఎవరైనా రేటు చెబితే, ఆ గైడ్ నీళ్ళలో దిగుతాడా లేదా అని అడగండి. మేము తలకి 6 లక్షల రుపియాలు పోసింది పడవలో కూర్చుని ఫోన్ చూసుకునే మనిషికి.

లక్షలు అని కంగారు పడకండి, అక్కడి లక్ష మన 500 రూపాయల పైచిలుకు. వీసా 5 లక్షలు, టూరిస్టుల దగ్గర తీసుకునే బాలి రుసుము 1.5 లక్షలు. రెండూ ఆన్‌లైన్‌లో ముందే కట్టేశాం కాబట్టి ఎయిర్‌పోర్ట్‌లో ఏ గొడవా లేదు. ఆమెద్‌కి కారు 6 లక్షలు, దాదాపు మూడు గంటలు. దారి పొడవునా మా మరిది పాటలు, మా ఆయన నిద్ర.

పడవ సంగతికి వస్తాను. మనిషి బరువు, ఒడ్డూ పొడుగూ చూడకుండా అందరికీ ఒకే నాలుగు కిలోల వెయిట్ బెల్ట్ (కిందకి దిగడానికి నడుముకి కట్టుకునే బరువు) ఇచ్చాడు గైడ్. మా మరిది బక్కపల్చటి మనిషి. పట్టుకోవడానికి ఫ్లోట్ లేదు, తాడు లేదు. పైగా ఒక సలహా: “గబగబా ముప్పై సార్లు గట్టిగా ఊపిరి పీల్చి వదలండి, లోపల ఎక్కువసేపు ఉండొచ్చు.”

ఈ ఆటలో ప్రాణాలు తీసే సలహా ఇదే. ఊపిరి పీల్చుకోవాలనే ఆత్రం మనకి ఆక్సిజన్ తగ్గినందుకు పుట్టదు, కార్బన్ డయాక్సైడ్ పెరిగినందుకు పుడుతుంది. గబగబా ఊపిరి పీల్చి వదిలితే ఆ కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది, రక్తంలో ఆక్సిజన్ మాత్రం పెద్దగా పెరగదు, ఎందుకంటే అది ముందే దాదాపు నిండుగా ఉంటుంది. అంటే ట్యాంకులో పెట్రోలు పోయకుండా రిజర్వు లైటు పీకేసినట్టు. ఇక పైకి వచ్చేటప్పుడు ఇంకో చిక్కు. పది మీటర్ల లోతులో ఒత్తిడి ఉపరితలం మీద ఉన్నదానికి రెట్టింపు. పైకి వస్తున్నకొద్దీ అది సగానికి పడిపోతుంది, దాంతోపాటే ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్ ఒత్తిడీ పడిపోతుంది. అందుకే స్పృహ తప్పేది ఎక్కువగా అడుగున కాదు, ఆఖరి కొద్ది మీటర్లలోనో, పైకి వచ్చి ఊపిరి తీసుకున్న తర్వాతో. ముందస్తు హెచ్చరిక ఏమీ ఉండదు.

మా మరిదికి జరగబోయిందీ అదే. పైకి తేలాడు, పెదాలు నీలంగా ఉన్నాయి, తల ఊగుతోంది, చేతులు వణుకుతున్నాయి. మా ఆయన వెనకనుంచి పట్టుకుని మొహం నీళ్ళలోకి పోకుండా ఎత్తిపెట్టి, మాస్క్ లాగేసి పేరు పెట్టి పిలిచాడు. కొన్ని క్షణాల్లో తేరుకున్నాడు. గైడ్ పడవలోంచే “మొదటిసారి మామూలే” అన్నాడు. ఒడ్డుకొచ్చాక డబ్బు వెనక్కి అడిగితే ముగ్గురికీ కలిపి 2 లక్షలు ఇచ్చాడు. నేను ఇంకా వాదించేదాన్నే, “వదినా, వదిలెయ్” అని మా మరిదే లాక్కుపోయాడు. ఆ సాయంత్రం ఎవరం సరిగ్గా మాట్లాడుకోలేదు.

హోటల్ గొడవ మాత్రం లేదు. హోంస్టేలో గది 3.5 లక్షలు, టిఫిన్‌తో కలిపి. ఫ్యాన్ గదే, కానీ శుభ్రం. తడి బట్టలు ఆరేసుకోవడానికి పెరట్లో తీగ, ఉప్పు కడుక్కోవడానికి బయట షవర్. సముద్రం కనిపించే గదికి రెట్టింపు అడిగే చోట్లున్నాయి, అనవసరం.

ఆ ఇంటావిడే ఆమెద్‌లోనే ఉన్న జెమెలుక్ బేలో ఒక ఫ్రీడైవింగ్ స్కూల్ చూపించింది. రెండు రోజుల మొదటి స్థాయి కోర్సు తలకి 38 లక్షలు. మా మరిది “ఇంకా నీళ్ళా?” అని మొహం ముడుచుకున్నాడు గానీ వచ్చాడు. మాకు నేర్పిన అమ్మాయి పొద్దంతా నీళ్ళలోకి దింపలేదు. ఒకరు దిగితే ఒకరు పైనుంచి కళ్ళార్పకుండా చూడాలి, ఇద్దరూ ఒకేసారి దిగకూడదు. పైకి వచ్చాక కూడా కనీసం ముప్పై సెకన్లు చూపు తిప్పకూడదు. లోపల ఎంతసేపున్నారో పైన దానికి కనీసం రెట్టింపు సేపు విశ్రాంతి. దిగేముందు స్నార్కెల్ (ఊపిరి గొట్టం) నోట్లోంచి తీసెయ్యాలి. బెల్ట్ బరువు ఎంతంటే, ఊపిరి మామూలుగా వదిలినా పైన తేలగలిగేంత. ఇవన్నీ నోటికొచ్చేదాకా ఒడ్డుమీదే చెప్పించింది.

నాకు బాగా నచ్చింది ఇంకోటి. మా ఆయనకి కొంచెం జలుబు చేసింది. ముక్కు మూసుకుని చెవుల్లోకి గాలి పంపించి చూపించమంది, ఒక చెవి తెరుచుకోలేదు. అంతే, ఆరోజు దింపలేదు. చెవి నొప్పి పెడుతుంటే బలవంతంగా కిందకి పోతే కర్ణభేరి చిరగొచ్చట. ఆయన సెషన్ ఇంకో రోజుకి మార్చింది, పైసా అదనంగా తీసుకోలేదు. మా ఆయన అలిగి కొబ్బరిబోండం తాగుతూ ఒడ్డున కూర్చున్నాడు. డబ్బు తీసుకుని కూడా వద్దని చెప్పగలిగే మనిషినే నమ్మాలని నా అభిప్రాయం. ఇంతకీ ఆ గైడ్ పడవలో తీసుకెళ్ళిన రీఫ్‌కి (పగడాల దిబ్బకి) ఈ ఒడ్డునుంచే ఈదుకుంటూ పోవచ్చు!

తర్వాత దగ్గర్లోని తులంబెన్ అనే ఊరు వెళ్ళాం. అక్కడ లిబర్టీ అనే అమెరికా ఓడ ఉంది. 1942 జనవరిలో జపాన్ జలాంతర్గామి టార్పెడోతో కొడితే ఒడ్డుకి లాక్కొచ్చి పడేశారు, 1963లో అగుంగ్ అగ్నిపర్వతం పేలినప్పుడు నీళ్ళలోకి జారింది. ఒడ్డుకి చాలా దగ్గర, పైభాగం ఐదు మీటర్ల లోతులోనే, కింద ముప్పై దాకా. ఒడ్డంతా నున్నటి గుండ్రాళ్ళు, బూటీలు (నీళ్ళలో వేసుకునే మెత్తటి బూట్లు) లేకుండా నడవలేరు. ఊపిరి బిగబట్టి ఓడ లోపలికి దూరే వీరత్వం వద్దు, బయటినుంచే కావలసినంత చూడొచ్చు. ప్రవాహం ఉంటే ముందు దానికి ఎదురుగా ఈది, తిరిగొచ్చేటప్పుడు అనుకూలంగా రండి. పగడాల మీద కాలు పెట్టకండి, రాయిలా కనిపించే స్టోన్‌ఫిష్ ముల్లు గుచ్చుకుంటే నరకం. సిలిండర్లు కట్టుకుని దిగే స్కూబా గుంపులు రాకముందు, అంటే ఏడింటికల్లా నీళ్ళలో ఉంటే బుడగల గోల లేకుండా ఓడంతా మీదే. ఫిన్స్, మాస్క్ అద్దె రోజుకి లక్ష, మాస్క్ మొహానికి సరిపోతుందో లేదో అక్కడే పెట్టుకుని చూసుకుని డబ్బివ్వండి.