ఎల్‌ఈడీలు తీసేసి మామూలు హెచ్‌4 బల్బులు వేశాను, ఫోకస్ ఇంట్లోనే సెట్ చేసుకున్నాను: నా రివ్యూ

రాత్రిపూట రోడ్డు సరిగ్గా ఆనడం లేదని అంటే చాలు, కారు హెడ్‌లైట్లకి ఎల్‌ఈడీలు వేయించెయ్ అని నలుగురూ చెప్పేస్తారు. నేను దానికి పూర్తిగా వ్యతిరేకం. నా పాత స్విఫ్ట్‌కి ఒస్రామ్ వాళ్ళ మామూలు హెచ్‌4 హాలోజెన్ జత, అంటే బండితో పాటు వచ్చే 60/55 వాట్ల రకమే, వేసి సెల్లార్‌లో ఫోకస్ సెట్ చేసుకున్నాక విజయవాడ హైవే మీద రాత్రి ప్రయాణమంటే ఉండే టెన్షన్ సగానికి సగం తగ్గింది. జత 500 లోపే వచ్చింది.

బండి సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. ముందు ఓనరు ఏదో పేరు లేని ఎల్‌ఈడీ సెట్ వేయించి ఉంచాడు. చూడ్డానికి తెల్లగా జిగేల్మంటుంది గానీ, గోడకి ఎదురుగా పెట్టి లో బీమ్ (కిందికి వంచి కొట్టే మామూలు లైటు) వేస్తే అసలు సంగతి బయటపడింది. మామూలుగా పైన చీకటి, కింద వెలుగు, మధ్యలో స్పష్టమైన గీత కనిపించాలి. నాకు ఆ గీతే లేదు. వెలుగు గోడంతా పరుచుకుని, సీలింగ్ కింద ఉన్న నీళ్ళ పైపుల మీద కూడా మచ్చలు మచ్చలుగా పడుతోంది. రోడ్డు మీద పడాల్సిన వెలుగు ఎదుటివాళ్ళ కళ్ళల్లోకి పోతోందన్నమాట.

దీనికి కారణం బల్బు లోపలే ఉంది. హెచ్‌4లో రెండు ఫిలమెంట్లుంటాయి, లో బీమ్ ఫిలమెంట్ కింద చిన్న గుంట రేకు ఒకటి ఉంటుంది. ఫిలమెంట్ నుంచి కిందికి పోయే వెలుగు రిఫ్లెక్టర్ (బల్బు వెనక అద్దంలా మెరిసే గిన్నె) కింది భాగానికి తగిలితే పైకి లేస్తుంది, దాన్ని ఆ రేకు ఆపేస్తుంది కాబట్టే గోడ మీద గీత ఏర్పడుతుంది. రిఫ్లెక్టర్‌ని కూడా ఆ ఫిలమెంట్ ఎక్కడుంటుందో, ఎంత సన్నగా ఉంటుందో చూసుకునే తయారుచేస్తారు. అందులో మందపాటి ఎల్‌ఈడీ చిప్పు పెడితే ఎన్ని ల్యూమెన్లున్నా (అంటే ఎంత వెలుగిచ్చినా) వెలుగు పడాల్సిన చోట పడదు. (మొదటి నుంచీ ఎల్‌ఈడీతోనే కంపెనీ డిజైన్ చేసిన హెడ్‌లైట్ల సంగతి వేరు, వాటిని నేను తప్పుపట్టడం లేదు.)

బల్బు మార్చడం తేలికే. వెనక కనెక్టర్ లాగి, రబ్బరు కవర్ తీసి, తీగ క్లిప్పు విప్పితే బల్బు చేతికొస్తుంది. మూడు చెవులు ఒక్క తీరులోనే కూర్చుంటాయి, అవి సరిగ్గా కూర్చోకపోతే తర్వాత ఎన్ని స్క్రూలు తిప్పినా ఫోకస్ రాదు. గాజుని వేళ్ళతో తాకొద్దు, చేతి జిడ్డు అంటిన చోట వేడెక్కి బల్బు త్వరగా పోతుంది.

ఇక ఫోకస్. మా ఏరియాలో ఒక వీల్ అలైన్‌మెంట్ షాపుకి తీసుకెళ్తే అతను షట్టర్ మీద వెలుగు చూసి, రెండు పక్కలా స్క్రూ తిప్పి, అయిపోయింది సార్ అన్నాడు. ఎత్తు కొలవలేదు, స్టీరింగ్ పక్కన హెడ్‌లైట్ వెలుగుని కిందికి దించే లెవెల్ నాబ్ ఏ నంబరు మీద ఉందో చూడలేదు. ఇంటికొచ్చి చూస్తే కుడి లైటు ఎడమదాని కన్నా పైకి కొడుతోంది. లెన్స్ ఉన్న బీమ్ టెస్టర్ పెట్టి చూసే చోటైతే డబ్బులిచ్చి చేయించుకోవచ్చు, కంటి అంచనాకి మాత్రం రూపాయి కూడా దండగే.

ఇంట్లో నేను చేసిన పద్ధతి ఇది. టైర్లలో గాలి సరిచూసి, డిక్కీ ఖాళీ చేసి, నాబ్ 0 మీద పెట్టి, మా తమ్ముణ్ణి డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టాను. బండిని గోడ దాకా తీసుకెళ్ళి రెండు బల్బుల మధ్యబిందువుల ఎత్తు గోడ మీద టేపుతో గుర్తు పెట్టి, నేరుగా 5 మీటర్లు వెనక్కి తెచ్చాను. ఆ గుర్తుకి 5 సెంటీమీటర్ల కిందకి గీత రావాలి, అంటే 1 శాతం వాలు. కొన్ని బండ్లకి కంపెనీ చెప్పిన శాతం బానెట్ కింద రాసి ఉంటుంది, ఉంటే అదే పాటించండి. ఒక లైటుకి గుడ్డ కప్పి, రెండోదాని వెనక ఎత్తు స్క్రూని పొడవాటి స్టార్ స్క్రూడ్రైవర్‌తో అర చుట్టు చొప్పున తిప్పితే గీత మెల్లగా దిగడం కంటికి కనిపిస్తుంది. మన రోడ్లకి తగ్గట్టు గీత కుడివైపు చదునుగా ఉండి ఎడమవైపు పైకి లేవాలి. ఆ లేచిన వెలుగు వల్లే మార్జిన్‌లో నడిచేవాళ్ళు, రిఫ్లెక్టర్ లేకుండా ఆపిన ట్రాక్టర్లు ముందే కనిపిస్తాయి. పక్కలకి తిప్పే స్క్రూ జోలికి అవసరమైతే తప్ప పోవద్దు.

ఆ కాస్త వాలుకి ఇంత రాద్ధాంతమా అనుకోకండి. లైటు 70 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే 1 శాతం వాలుకి గీత 70 మీటర్ల దూరంలో రోడ్డుని తాకుతుంది, 2 శాతం అయితే 35 మీటర్లకే. గంటకి 90 కిలోమీటర్ల వేగంలో సెకనుకి 25 మీటర్లు పోతాం, లెక్క మీరే వేసుకోండి. పైకి పెట్టుకుంటే ఎదుటివాళ్ళ ప్రాణం మీదకి వస్తుంది. 1989 సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్‌లో 106వ రూల్ కూడా లైటుకి 8 మీటర్ల ముందు, బండి కుడి అంచుకి అర మీటరు పక్కన, నేల నుంచి మీటరున్నర ఎత్తులో ఉన్న కంటికి వెలుగు కొట్టకూడదనే చెబుతుంది. అది దాదాపు నిలబడి ఉన్న మనిషి కళ్ళుండే ఎత్తు, మామూలు కారు డ్రైవరు కళ్ళు అంతకన్నా కిందే ఉంటాయి.

లోపాలు కూడా చెప్పాలి. హాలోజెన్‌కి ఎల్‌ఈడీ తెలుపు రాదు, జోరు వానలో హాలోజెన్ పసుపే నాకు నయమనిపించింది. హెడ్‌లైటు ముందున్న లెన్స్ పసుపెక్కిపోయి ఉంటే ముందు పాలిష్ చేయించండి, లేకపోతే ఈ కష్టమంతా వృథా. ఆటో లెవెలింగ్ (లైటు ఎత్తు దానంతటదే సరిచేసుకునే ఏర్పాటు) ఉన్న కొత్త బండ్లని ఇంట్లో కెలకొద్దు, సర్వీస్ సెంటర్‌లోనే చేయించండి. ఐదుగురు ఎక్కి డిక్కీ నిండా సామాన్లుంటే వెనక దిగి ముందు లేస్తుంది కదా, అప్పుడు స్క్రూలు ముట్టుకోకుండా నాబ్‌ని 0 నుంచి పై నంబరుకి తిప్పితే సరిపోతుంది, ఖాళీ అయ్యాక మళ్ళీ 0కి తెచ్చేయండి.