‘మాతృదేవోభవ’ ఏడుపు, ఆవు–పులి కథ ఏడుపు

రెండింటిలోనూ బిడ్డల్ని వదిలి వెళ్లాల్సిన తల్లే. 1993లో వచ్చిన ‘మాతృదేవోభవ’లో క్యాన్సర్ సోకిన తల్లి పిల్లల్ని ఒక్కొక్కరిగా దత్తతకిస్తుంది. వేటూరికి జాతీయ అవార్డు తెచ్చిన ‘రాలిపోయే పువ్వా’ పాటకి కొంగులు తడిసిపోతాయి. పక్కవాళ్లూ ఏడుస్తుంటే మన ఏడుపుకి సిగ్గుండదు, గుండె తేలికవుతుంది.

అనంతామాత్యుడి ‘భోజరాజీయం’లోనూ, అమ్మమ్మల నోటా ఉన్న ఆవు కథలో చివరికి పులి ఆవును వదిలేస్తుంది. అయినా నాకు ఇదే ఎక్కువ బాధ. దూడ ఆబగా పాలు తాగుతుంటుంది. ఆవు దాన్ని నాకుతూ, ఒంటరిగా తిరగొద్దని బుద్ధులు చెబుతుంటుంది. అక్కడికి రాగానే అమ్మమ్మ చీర చెంగు గట్టిగా పట్టుకుని “మళ్లీ వస్తుందా?” అని అడిగేదాన్ని. వస్తుందని తెలిసీ, ప్రతి రాత్రీ అడిగేదాన్ని.