డీప్ బైట్‌కు క్లిప్పులా, అలైనర్లా?

పై ముందు పళ్లు కింది పళ్లను సుమారు 2-3 మిల్లీమీటర్లు కప్పడం మామూలే. కింది పళ్లు దాదాపు కనిపించకుండా పోతే అది డీప్ బైట్. సరిచేయడానికి ముందు పళ్లను చిగురులోకి నొక్కాలి, లేదా దవడ పళ్లను కాస్త పైకి రప్పించాలి.

ఈ రెండో పని పళ్లకు అంటించే తీగల క్లిప్పులకు తేలిక. వంపు తిప్పిన తీగ, పై ముందు పళ్ల వెనక అంటించే చిన్న దిమ్మ ఉంటే వెనక పళ్లు ఎడమై మెల్లగా పైకి వస్తాయి. అలైనర్ (పళ్లకు తొడుక్కుని, తినేటప్పుడు తీసేసే పారదర్శక ప్లాస్టిక్ తొడుగు) మాత్రం నమిలే భాగాన్ని కూడా కప్పేస్తుంది. కొరికినప్పుడల్లా దవడ పళ్లు కిందికే నొక్కుకుంటాయి. అందుకే మొదట్లో కంప్యూటర్‌లో చూపించినంత మార్పు తరచుగా నోట్లో రాదు, మళ్లీ కొత్త సెట్ చేయించాల్సి వస్తుంది. పైగా రోజుకు 20-22 గంటలు పెట్టుకోవాలి. పెళ్లిళ్ల సీజన్‌లో అది ఎంతమందికి కుదురుతుంది?

క్లిప్పులకూ తంటాలున్నాయి. పై పళ్లు తగిలి కింది బ్రాకెట్లు (తీగను పట్టి ఉంచేలా పళ్లకు అంటించే చిన్న ముక్కలు) ఊడిపోతుంటాయి. జంతికలు, చెరుకు, పల్లీ చిక్కీ కొన్నాళ్లు మానుకోవాలి. బ్రష్ చేయడం అలైనర్లతోనే సులువు.

ఎదిగే వయసు పిల్లలకు ఫలితం త్వరగా కనిపిస్తుంది. పొట్టి ముఖం, గట్టి నమిలే కండరాలున్న పెద్దవాళ్లలో సరిచేసిన పళ్లు మళ్లీ పాత స్థితికి జారే అవకాశం ఎక్కువ. బైట్ బాగా లోతుగా ఉంటే నా ఓటు క్లిప్పులకే. కొద్దిపాటిదైతే, క్రమశిక్షణ ఉంటే అలైనర్లు చాలు. ఏది ఎంచుకున్నా, తర్వాత పళ్లను అలాగే నిలిపి ఉంచే రిటైనర్ తప్పదు.