పరిశోధన ఆధారాల పేరుతో అమ్ముతున్న పీడీఎఫ్ సంకలనాలు: కొనే ముందు జాగ్రత్త

పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం ప్రాంతాల్లో పీహెచ్‌డీ చేస్తున్న తెలుగు మిత్రులకు ఈ హెచ్చరిక. సవర గిరిజనుల చరిత్ర, భాషలపై ‘సరిచూసిన ఆధారాల సంకలనం’ అంటూ వాట్సాప్‌లో ప్రచారం చేసుకుంటున్న ఒక సంస్థ నుంచి, మాలో కొందరం తలా కొంత వేసుకుని ఒక పీడీఎఫ్ కొన్నాము. నమూనాగా ఒక్క పుటైనా చూపకుండా డబ్బు ముందే కట్టించుకున్నారు.

అందులో ఉన్నవన్నీ కల్పితాలు కావు, అసలు ప్రమాదం అక్కడే ఉంది. గిడుగు రామమూర్తి గారి 1931 నాటి సవర భాషా గ్రంథం, దక్షిణ భారత కులాలు, తెగలపై ఎడ్గార్ థర్స్టన్ 1909లో ప్రచురించిన ఏడు సంపుటాలు మొదట కనిపించేసరికి మిగతా పుటలపైనా నమ్మకం కలుగుతుంది. తరువాత ‘1931 జనగణన, ఒరిస్సా సంపుటం, గజపతి జిల్లా పట్టిక’ అనే ఆధారం వస్తుంది. ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినది 1936 ఏప్రిల్ 1న. గంజాం నుంచి గజపతి జిల్లా విడివడినది 1992లో. 1931 నాటికి గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది కనుక, ఇప్పటి గజపతి జిల్లా కేంద్రమైన పర్లాకిమిడి లెక్కలను మద్రాసు సంపుటంలోనే వెతకాలి. ఇంకొకచోట గిడుగు వారు 1948లో సవర గూడేల్లో పర్యటించి రాసిన నివేదిక అని పేర్కొన్నారు. ఆయన 1940లోనే కన్నుమూశారు! ఈ నేల చరిత్ర తెలిసినవారెవరైనా ఆ ఆధారాల పట్టికను ఒక్కసారి చదివి ఉంటే ఇవి నిలిచేవి కావు.

పరిశోధన పత్రికల్లోని వ్యాసాల సంగతి మరీ విచారకరం. ఇచ్చిన డీఓఐ సంఖ్యలను (వ్యాసాన్ని ఆన్‌లైన్‌లో గుర్తించే సంఖ్యలు) డీఓఐ వెబ్‌సైటులో వేసి చూస్తే కొన్ని అసలు తెరుచుకోలేదు, కొన్ని సంబంధం లేని వేరే వ్యాసాలకు చేరాయి. ‘ఐఎస్ఎస్ఎన్ ఉంది కదా’ అని సంస్థవారు వాదించారు. అది పత్రికను గుర్తించే సంఖ్యే తప్ప నాణ్యతకు ముద్ర కాదు. ‘యూజీసీ కేర్ జాబితాలోనిది’ అన్న మాట కూడా ఇప్పుడు హామీగా పనికిరాదు, ఎందుకంటే పరిశోధన పత్రికల ఆ జాబితాను యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2025 ఫిబ్రవరిలో నిలిపివేసింది. వాక్యాల పోలికను పట్టే సాఫ్ట్‌వేర్ మనల్ని కాపాడుతుందని కూడా అనుకోవద్దు. ఉదహరించిన పుస్తకం లోకంలో ఉందో లేదో దానికి తెలియదు, వైవా (మౌఖిక పరీక్ష)లో పరీక్షకులు అడిగితే సమాధానం చెప్పవలసింది మనమే.

ఎవరైనా ఇటువంటి సంకలనం చూపితే, డబ్బు కట్టే ముందే ఏవైనా ఐదు ఆధారాలు మీరే ఎంచుకుని, వాటి పూర్తి పాఠం చూపమని అడగండి. చూపలేకపోతే కొనవద్దు. సిద్ధాంత గ్రంథాలు శోధ్‌గంగా అనే ఆన్‌లైన్ భాండాగారంలో ఉచితంగా దొరుకుతాయి, అయితే వాటిలోని ఉల్లేఖనాలను కూడా మూలంతో పోల్చి చూసుకోవాలి. 1882 నాటి గంజాం జిల్లా మాన్యువల్ వంటి పాత గ్రంథాలకు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వెతకండి.

ఇప్పటికే కొన్నవారు ఆ పట్టికలోని ఏ ఒక్క ఆధారాన్నీ కళ్లారా చూడకుండా అధ్యాయంలో చేర్చవద్దు. చెల్లింపు రసీదు, వాట్సాప్ సంభాషణ, పీడీఎఫ్ మూడింటినీ భద్రపరచి, జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 నంబరులో ఫిర్యాదు చేయండి.