నల్లగొండలో ఇన్సులిన్ కొనేవాళ్లు ముందు షాపు ఫ్రిజ్ చూడండి

ఇంట్లో షుగర్ పేషెంట్లు ఉన్నవాళ్ల కోసం రాస్తున్నా. మా అమ్మకు రెండు పూటలా ఇన్సులిన్ వేస్తాం. మామూలుగా తెచ్చే దగ్గర స్టాక్ లేదంటే తమ్ముడు ఇంకో మెడికల్ షాపులో తెచ్చాడు. డోసు మారలేదు, తిండి మారలేదు, షుగర్ మాత్రం 300 దాటింది. అందరికీ టెన్షన్.

అమ్మది పాలలా తెల్లగా ఉండే రకం. అరచేతుల మధ్య దొర్లిస్తే మొత్తం ఒకేలా కలవాలి. ఈ సీసాలో ఎంత దొర్లించినా తెల్లటి పలుకులు గాజుకు అంటుకునే ఉన్నాయి. డాక్టరు చూడగానే ఇది వేడికి పాడైందన్నారు. కొత్త సీసా మొదలుపెట్టాక షుగర్ దిగింది.

తర్వాత ఆ షాపుకు వెళ్లా. ఫ్రిజ్ నిండా కూల్‌డ్రింకులు, నీళ్ల బాటిళ్లు. వాటి వెనక ఇన్సులిన్ డబ్బాలు. ముట్టుకుంటే చల్లదనమే లేదు. "రాత్రి బంద్ చేసేటప్పుడు మెయిన్ ఆపేస్తం అన్నా, ఏం కాదు" అన్నాడు కౌంటర్ మీది పిల్లగాడు. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. మన ఎండాకాలంలో షట్టర్ దించిన గదంటే పెనం మీద పెట్టినట్టే.

గోడకు ఫార్మసిస్ట్ సర్టిఫికెట్ ఫొటోతో సహా వేలాడుతోంది. ఆ ఫొటోలో మనిషి ఏడీ అంటే "సార్ హైదరాబాద్‌ల ఉంటడు" అట! డాక్టరు చీటీ మీద ఇచ్చే మందులు రిజిస్టర్డ్ ఫార్మసిస్ట్ పర్యవేక్షణలోనే అమ్మాలని రూలు. సర్టిఫికెట్లు అద్దెకు తిరుగుతాయన్నది అందరికీ తెలిసిన సంగతే. నేనక్కడ ఉండగానే ఒకాయన చీటీ లేకుండా సెఫిక్సిమ్ అనే యాంటీబయాటిక్ పట్టుకుపోయాడు. అది హెచ్1 షెడ్యూల్ మందు, అంటే చీటీ ఉంటేనే అమ్మాల్సిన జాబితాలోది. అమ్మితే డాక్టరు పేరు, పేషెంట్ పేరు రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు దాచాలి. పెన్ను ముట్టినవాడే లేడు.

బిల్లు అడిగితే తెల్లకాగితం మీద మొత్తం రాసిచ్చాడు. బ్యాచ్ నంబర్ లేదు, షాపు పేరు లేదు. రేపు గొడవైతే మా దగ్గర కొననేలేదంటాడు. అందుకే బ్యాచ్ నంబరున్న బిల్లు ఇస్తేనే డబ్బులివ్వండి. గోళీలు విడిగా కొంటే ఎక్స్‌పైరీ ఉన్న వైపు మీకిచ్చేలా కత్తిరించమనండి.

తనిఖీలవాళ్లే చూసుకుంటారులే అనుకోవద్దు. ఒక షాపులో తనిఖీ మొదలైతే పక్క షాపుల షట్టర్లు దిగుతాయని ఊళ్లో చెప్పుకుంటూనే ఉంటారు. మనం చెబితే కనీసం ఏ షాపుకు వెళ్లాలో వాళ్లకు తెలుస్తుంది. రాష్ట్ర డ్రగ్స్ కంట్రోల్ అడ్మినిస్ట్రేషన్ టోల్‌ఫ్రీ నంబర్ 1800-599-6969, పనిదినాల్లో ఉదయం పదిన్నర నుంచి సాయంత్రం ఐదు దాకా. నేను ఫిర్యాదు చేశా. 1940 నాటి డ్రగ్స్ చట్టం 26వ సెక్షన్ కింద, ఫీజు కట్టి కొన్నవాళ్లే మందును ప్రభుత్వ పరీక్షకు పంపుకోవచ్చు కూడా.

ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి షాపు పేరు ఇక్కడ పెట్టడం లేదు. మీ సీసాలోనూ పలుకులు కనిపిస్తే వాడకం ఆపి డాక్టరుకు చూపించండి. సీసాను మాత్రం పారేయకండి, డబ్బాతో సహా కవర్లో కట్టి ఫ్రిజ్‌లోనే ఉంచండి.