గిట్‌కి 4/5, స్టేటస్ మాటకి మాత్రం సున్నా

అయిదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నా. కోడ్‌లో చేసిన మార్పుల చరిత్రంతా దాచిపెట్టే టూల్ ఇది, 2005లో లైనస్ టోర్వాల్డ్స్ లైనక్స్ కెర్నల్ (ఆ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) కోసం రాసుకున్నాడు, పైసా ఖర్చు లేదు, ఇంకేం వంక పెడతాం అనుకుంటాం కదా, ఉంది ఒకటి.

పొద్దున్నే గిట్ స్టేటస్ (మన కాపీ ఏ స్థితిలో ఉందో చెప్పే కమాండ్) కొడితే "అప్ టు డేట్" అంటుంది, సరే అని రెండు గంటలు కూర్చుని కోడ్ రాసి పుష్ (మన మార్పుల్ని సర్వర్‌కి పంపడం) కొడితే రిజెక్టెడ్, ఫెచ్ ఫస్ట్ (ముందు సర్వర్‌లో కొత్తవి తెచ్చుకో) అని ఎర్రగా వస్తుంది. మరి ఇందాక చెప్పిందేంటి? స్టేటస్ అసలు సర్వర్ దాకా వెళ్లదండీ, లాస్ట్ టైమ్ ఫెచ్ చేసినప్పుడు దాచుకున్న ఆరిజిన్/మెయిన్‌నే (సర్వర్‌లోని మెయిన్ ఎక్కడుందో మన దగ్గరున్న గుర్తు) చూసి చెప్తుంది, మొన్నటి పేపర్ పట్టుకుని ఇవాళ్టి వార్తలు చదివినట్టు. ఆ లైన్ పక్కనే లాస్ట్ ఫెచ్ ఎప్పుడో టైమ్ వేస్తే ఏం పోయింది? కోసిన స్టార్ దానికే.

అందుకే ముందు ఫెచ్, తర్వాతే స్టేటస్. అప్పుడు మనవి ఎన్ని కమిట్లు (గిట్‌లో సేవ్ చేసిన మార్పులు), అటువైపు ఎన్ని అని లెక్క కరెక్ట్‌గా చెప్తుంది.

పుల్ (ఫెచ్ చేసి మన కోడ్‌లో కలపడం) మాత్రం బాగుపడింది. ఇదివరకు చెప్పాపెట్టకుండా మెర్జ్ చేసేసేది (రెండువైపులవీ కలిపేసేది), 2021లో వచ్చిన వెర్షన్ 2.33 నుంచి రెండువైపులా కమిట్లుంటే ఆగి మెర్జా రీబేసా నువ్వే తేల్చుకో అంటోంది. నేను రీబేస్ సెట్ చేసి పడేశా, పుష్ చెయ్యని నా కమిట్లని తీసి వాళ్ల వాటి మీద పేరుస్తుంది, హిస్టరీ నీట్‌గా ఉంటుంది.

ఫోర్స్ పుష్ (సర్వర్‌లో ఏమున్నా దాని మీద మనది రుద్దడం) జోలికి పోకండి బాబూ. ఓ శుక్రవారం సాయంత్రం విసుగొచ్చి కొట్టా, సీనియర్ ఒకాయన పెట్టిన రెండు కమిట్లు గల్లంతు, "ఏం తమ్ముడూ, నావి మింగేశావా" అన్నాడు, ఆయన ల్యాప్‌టాప్‌లో ఉన్నాయి కాబట్టి బతికిపోయా. ఇప్పుడు ఫోర్స్ విత్ లీజ్ వాడుతున్నా, రిమోట్ (సర్వర్‌లోని కాపీ) మనం చివరగా చూసినట్టే ఉంటేనే తోస్తుంది. కాకపోతే ఎడిటర్‌లో ఆటో ఫెచ్ ఆన్‌లో ఉంటే మనం చూడకపోయినా చూసినట్టే లెక్కేసుకుంటుంది, జాగ్రత్త.

రీసెట్ హార్డ్ కొట్టి అంతా రిమోట్‌లాగా చేసేసుకోవచ్చు. కమిట్లు పోయినా కంగారక్కర్లేదు, రిఫ్లాగ్‌లో (మన కమిట్ల కదలికలు గిట్ రాసుకునే డైరీ) మామూలుగా 30 రోజులైనా ఉంటాయి. కమిట్ చెయ్యనివి మాత్రం గోవిందా, కాబట్టి ఓ టెంప్ బ్రాంచ్ (పక్కన తీసుకునే వేరే దారి) తీసి అందులో కమిట్ పడేసి, మళ్లీ మన బ్రాంచ్‌కొచ్చి అప్పుడు కొట్టండి.