టీయూ-142: ముందు విమానం, తర్వాతే జలాంతర్గామి

విశాఖ ఆర్కే బీచ్‌కి వెళ్లినవాళ్లలో ఎక్కువమంది ముందు ఇసుక పక్కనున్న కురుసుర జలాంతర్గామి ఎక్కుతారు. ఓపిక మిగిలితే రోడ్డు దాటి టీయూ-142 విమానం దగ్గరకు వస్తారు. అప్పటికి పిల్లలు అలల కోసం చేయి పట్టుకుని లాగుతుంటారు. నాలుగు ఫొటోలు తీసుకుని బయటపడటమే మిగులుతుంది. ఈ వరుస తిరగేసి చూడమని నా సలహా. ఆ విమానాన్ని తయారుచేసిందే సముద్రంలో దాగిన జలాంతర్గాములను వెతికి పట్టుకోవడానికి. అది ఎలాంటి దాన్ని వెతికేదో రోడ్డుకు అవతలే కనిపిస్తుంది. వేటగాణ్ణి ముందు చూస్తే, దాక్కున్నవాడి తిప్పలు బాగా అర్థమవుతాయి.

దగ్గరకు వెళ్లేదాకా దాని పరిమాణం అంతుపట్టదు. పొడవు సుమారు 53 మీటర్లు, రెక్కల కొస నుంచి కొసకు 50 మీటర్లు. నన్ను ఎక్కువసేపు నిలబెట్టినవి మాత్రం పంఖాలు. నాలుగు ఇంజన్లు, ఒక్కోదానికి ముందొకటి వెనకొకటిగా రెండు పంఖాలు, ఒక్కో పంఖాకు నాలుగు రెక్కలు. ఆ రెండూ ఒకదానికొకటి వ్యతిరేక దిశలో తిరుగుతాయి. ముందు పంఖా సుడి తిప్పి వదిలిన గాలిలోని శక్తిని వెనక పంఖా వృథా పోనివ్వకుండా వాడుకుంటుంది. విమానాన్ని ఒక పక్కకు మెలితిప్పే బలం కూడా చాలావరకు రద్దవుతుంది. ఒక్కో ఇంజన్ సామర్థ్యం సుమారు 15,000 అశ్వశక్తి. అందుకే పంఖాల విమానమైనా జెట్ విమానంలా రెక్కలు వెనక్కి వాలి ఉంటాయి, గంటకు 900 కిలోమీటర్ల దాకా పోగలదు. దీనికి మూల్యం చెవులు చెల్లించాలి. ప్రపంచంలో అతి పెద్ద రొద చేసే విమానాల్లో ఈ కుటుంబానిది ముందు వరుస. నిశ్శబ్దాన్ని వేటాడేందుకు ఇంత గోల చేసే యంత్రాన్ని పంపడం నాకు తమాషాగా తోచింది.

సోవియట్ బాంబర్ టీయూ-95ను సముద్ర గస్తీకి మార్చి తుపొలెవ్ సంస్థ దీన్ని రూపొందించింది. మన నౌకాదళం 1988లో ఎనిమిది విమానాలు తెచ్చుకుంది. మొదట గోవాలో, 1992 నుంచి తమిళనాడులోని అరక్కోణంలో ఉన్న నౌకాదళ విమాన స్థావరం ఐఎన్ఎస్ రాజాలిలో ఇవి పనిచేశాయి. వచ్చిన ఏడాదే మాల్దీవుల్లో కుట్రను అణచిన సైనిక చర్యలో పాలుపంచుకున్నాయి. ప్రమాదం లేకుండా 30,000 గంటలు ఎగిరాయన్నది నౌకాదళం గర్వంగా చెప్పుకునే లెక్క. 2017 మార్చి 29న వీటికి వీడ్కోలు పలికారు. ఆ పనిని అమెరికా నుంచి కొన్న పీ-8ఐ జెట్ విమానాలు అందుకున్నాయి. ఇక్కడున్న విమానం ఆ ఏప్రిల్‌లో ఎగురుకుంటూనే విశాఖ వచ్చింది. తర్వాత దాన్ని ముక్కలుగా విడదీసి, రోడ్డు మార్గాన తీరానికి చేర్చి, మళ్లీ బిగించారు. అదే ఏడాది డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ మ్యూజియాన్ని ప్రారంభించారు.

జలాంతర్గామి భయం విశాఖకు పుస్తకాల్లో చదివి తెలుసుకున్నది కాదు. 1971 డిసెంబరు తొలిరోజుల్లో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ఈ తీరానికి చేరువలోనే మునిగిపోయింది. మన యుద్ధనౌక ఐఎన్ఎస్ రాజ్‌పుత్ దాడే కారణమని మనం అంటాం, లోపలి పేలుడని పాకిస్తాన్ అంటుంది. ఏదైనా, నీటి కింద ఏముందో ముందే తెలియడం ఎంత అవసరమో చెప్పడానికి ఈ ఊరికన్నా తగిన చోటు దొరకదు.

ప్రదర్శనశాలలో జనం ఇంజన్ దగ్గర, క్షిపణి దగ్గర గుమిగూడతారు. నన్నడిగితే అసలు చూడాల్సినవి సోనోబాయ్‌లు. పైకి చూస్తే ఉత్త లోహపు గొట్టాలు, ఎవరూ రెండో చూపు వేయరు. విమానం వీటిని వరుసగా సముద్రంలోకి జారవిడుస్తుంది. చిన్న పారాచూట్ సాయంతో కిందికి దిగి, నీటిని తాకగానే ఒక భాగం పైన తేలుతుంది. నీటిలోని శబ్దాలు వినే మైకు తీగ చివర లోతుకు దిగుతుంది. అది విన్నదంతా పైనున్న చిన్న ట్రాన్స్‌మిటర్ రేడియో ద్వారా విమానానికి చేరవేస్తుంది. కొన్ని రకాలు ఊరికే వింటాయి, కొన్ని తామే శబ్దం పంపి ప్రతిధ్వని కోసం కాచుకుంటాయి. రెండు మూడు చోట్ల నుంచి వచ్చిన సమాచారం కలిపితే జలాంతర్గామి ఎక్కడుందో, ఎటు పోతోందో లెక్క తేలుతుంది. విమానంలో కూర్చున్నవాళ్ల యుద్ధమంతా చెవులతోనే. పక్కనే గాలి తెప్పలు, నడిసముద్రంలో పడితే ప్రాణం నిలుపుకునే సామగ్రి, ప్రయాణ వివరాలు నమోదు చేసే పెట్టె ఉన్నాయి. అవి తొందరగా చూసేయవచ్చు.

విమానం లోపలికి వెళ్లాక బయటి భారీతనం మాయమవుతుంది. ఎక్కడ చూసినా మీటలు, ముళ్లు, గొట్టాలు. పది గంటలు దాటే గస్తీలు ఇందులో చేసేవారంటే నడుము తడుముకోవాలనిపిస్తుంది. తోకలో 23 మిల్లీమీటర్ల జంట ఫిరంగుల అమరిక బాంబర్ పూర్వీకుల నుంచి వచ్చిన వారసత్వం.

ఇప్పుడు రోడ్డు దాటండి. ఐఎన్ఎస్ కురుసుర 1969లో నౌకాదళంలో చేరి 2001లో విరమించింది, 2002లో మ్యూజియమైంది. 91 మీటర్ల పొడవు, డెబ్బై మందికి పైగా మనుషులు. బ్యాటరీలు నింపుకోవాలంటే డీజిల్ ఇంజన్లు నడపాలి, వాటికి గాలి కావాలి, గాలి కోసం నీటిపైకి గొట్టమైనా ఎత్తాలి. విమానం కాచుకునేది సరిగ్గా ఆ ఘడియ కోసమే. ఈ ముక్క ముందే తెలిసి లోపలికి వెళితే ఇరుకు పడకలూ గుండ్రటి తలుపులూ వేరేగా కనిపిస్తాయి. ఇక్కడ నౌకాదళంలో పనిచేసి విరమించినవారు దగ్గరుండి వివరిస్తారు. ఏదైనా అడగండి, విసుక్కోరు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు మాత్రం ఆ తలుపులు దాటడం కష్టమే. పెద్దవాళ్లను విమానం దగ్గరే ఆపడం మంచిది, అక్కడైనా మెట్లు ఎక్కాల్సిందే కానీ ప్రదర్శనశాల కింద నుంచే చూడవచ్చు.

బస విషయానికొస్తే బీచ్ రోడ్డు హోటళ్లలో డబ్బు సముద్రానికి కడతాం, గదికి కాదు. నేను దిగినచోట సముద్రం కనిపించే గది అన్నారు. కనిపించింది, కిటికీలోంచి మెడ బయటపెడితే. ఆర్టీసీ కాంప్లెక్స్, జగదాంబ కూడలి వైపు తీసుకుంటే తక్కువలో పని జరుగుతుంది, అక్కడి నుంచి ఆటో దూరం కూడా పెద్దది కాదు. సోమవారం రెండు మ్యూజియాలకూ సెలవు. ఆదివారం సాయంత్రం ఊరంతా బీచ్‌లోనే ఉంటుంది, బండి నిలపడానికి చోటు వెతకడమే ఒక కార్యక్రమం. మామూలు రోజు తలుపులు తెరిచిన వేళకే వెళితే హాయి.

విమానాల పిచ్చి ఇంకా తీరనివాళ్లకు గోవా బోగ్మాలోలో నౌకాదళ విమానయాన మ్యూజియం ఉంది. అది 1998లో మొదలైంది. విమానవాహక నౌక విక్రాంత్ నుంచి 1971లో దాడులు చేసిన సీహాక్, అలీజ్ రకాల విమానాలు, ఒకప్పుడు ప్రయాణికులను మోసిన సూపర్ కాన్‌స్టెలేషన్ ఆరుబయట వరుసగా ఉంటాయి. రకాల కోసమైతే అక్కడికే వెళ్లాలి. ఒకే విమానాన్ని లోపలా బయటా తీరిగ్గా చూడాలంటే నా ఓటు విశాఖకే.